ఎంచకూడని పొట్టేలు

శివలీలకు దేవుడి మీద ఎంత నమ్మకమో చెప్పలేం గాని, లెక్క మీద మాత్రం గట్టి గురి. యెమ్మిగనూరులో వాళ్ల నాన్న మగ్గం నేసేవాడు. పడుగులో ఉండాల్సిన పోగులన్నీ ఉన్నాయో లేదో ఎంచి చెప్పే పని చిన్నప్పటి నుంచీ ఆమెదే. ఒక్క పోగు తప్పినా ఆ తప్పు చీర కొసదాకా గీతలా కనిపిస్తూనే ఉంటుంది. అట్లా పెరిగిన పిల్ల పశువైద్యం చదివి, ఆపైన జనాభా జన్యుశాస్త్రంలో పరిశోధనకు చేరిందంటే ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. అదేం చదువని అడిగిన చుట్టాలకు ఆమె ఒకే మాట చెప్పేది. ఒక గొర్రెను చూసి దాని జబ్బు చెప్పేవాడు డాక్టరు, మందనంతా ఒకే ప్రాణిగా చూసి దాని ఆయుష్షు చెప్పేది నా చదువు అనేది. చుట్టాలు తలూపి, పెళ్లెప్పుడని అడిగేవాళ్లు.

ఆ చదువు పని మీదే పోయిన అక్టోబరులో ఆమె పత్తికొండకు పడమరగా ఉన్న బూదిగుట్టపల్లెకు వచ్చింది. ఆమెకు కావలసింది నల్ల గొర్రెల రక్తం. కంబళ్లకు బొచ్చునిచ్చే ఆ గొర్రెలు ఒకప్పుడు చుట్టుపక్కల పన్నెండు ఊళ్లలోనూ ఉండేవి. ఇప్పుడు కంబళి కప్పుకునే వాళ్లు ఎవరున్నారు? మాంసానికైతే తెల్ల గొర్రెలు తొందరగా ఎదుగుతాయని ఊళ్లకు ఊళ్లే అటు మళ్లాయి. బూదిగుట్టపల్లెలో నల్లమంద ఒక్క సుంకన్న దగ్గరే మిగిలింది.

సుంకన్నకు అరవై అయిదేళ్లు. కురువల ఇంట పుట్టి, నడక నేర్చినప్పటి నుంచీ గొర్రెల వెంటే ఉన్నాడు. మనిషి మాట పొదుపు. ఆయన మాట్లాడాల్సిందంతా ఆయన భార్య మద్దమ్మే మాట్లాడేస్తుంది కాబట్టి ఆ ఇంటికి లోటేమీ లేదు. కొడుకు గోపీకి పాతికేళ్లు. వాడికి గొర్రెలంటే విసుగు లేదు, నల్ల గొర్రెలంటేనే విసుగు. రెండేళ్లలో నాలుగు పిల్లలు కింది దవడ పొట్టిగా పుట్టి, తల్లి చన్ను పట్టలేక చచ్చిపోయాయి. ఈ విత్తనం అయిపోయింది, బళ్లారి వ్యాపారి మొత్తం మందను అడుగుతున్నాడు, అమ్మేసి తెల్లవి తెచ్చుకుందామని గోపీ ఏడాదిగా పోరుతున్నాడు. సుంకన్న అవుననడు, కాదనడు. తాతల నాటి మంద మరి.

నలభై జీవాల దగ్గర రక్తం తీసుకోవడం అయ్యాక, సీసాలు సర్దుకుంటున్న శివలీల ముందు సుంకన్న వచ్చి నిలబడ్డాడు.

"నా మందలో ఇంకా పస ఉండాదా, లేదా? అది చెప్పిపోమ్మా. ఉంటే ఉంచుకుంటా. లేకపోతే వాడు జెప్పినట్టే ఇంటా."

రక్తం ఫలితాలు రావడానికి నాలుగు నెలలు పడుతుంది, అప్పుడు చెబుతానని అనవచ్చు. అనలేదు. ఎందుకంటే లెక్కకు రక్తంతో పని లేదు. నింపాల్సిన ఫారం చేతిలోనే ఉంది. ఆడ గొర్రెలు ఎన్నని అడిగింది. ఎనభై అన్నాడు. మందకు నిలిచిన పొట్టేళ్లు ఎన్నని అడిగింది. ఒకటి అన్నాడు. ఎన్నాళ్లుగా ఒక్కదానితోనే నడుపుతున్నారంటే, నాన్న చేతి నుంచి మంద తనకొచ్చిన నలభై ఏళ్లుగా అంతేనన్నాడు. ఆమె ఫారం వెనక్కి తిప్పి, గడ్డివాము నీడలో కూర్చుని లెక్క కట్టింది.

ఆ లెక్కలో ఒక గమ్మత్తు ఉంది. మందలో ఎన్ని తలలున్నాయో దానికి అక్కర్లేదు. రేపటి పిల్లలకు తల్లులెందరు, తండ్రులెందరు అన్నదే కావాలి. ప్రతి పిల్లకూ సగం రక్తం తల్లిది, సగం తండ్రిది. తల్లులు ఎనభై మంది ఉంటే ఏం, తండ్రి ఒక్కడే అయినప్పుడు పిల్లలన్నీ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే. సూత్రంలో ఎనభైని, ఒకటిని వేసి చూస్తే వచ్చేది నాలుగు. ఎనభై ఒక్క జీవాలున్న మంద, లోపల చూస్తే నాలుగు జీవాల మందతో సమానం. అటువంటి మంద తరానికోసారి తన వైవిధ్యంలో ఎనిమిదో వంతు పోగొట్టుకుంటుంది. గొర్రెకు నాలుగేళ్లు ఒక తరం. నలభై ఏళ్లంటే పది తరాలు. మొదట ఉన్నదాంట్లో పావు వంతు మిగిలి ఉంటుందేమో, అంతే.

ఈ లెక్క కట్టిన ప్రతిసారీ శివలీలకు ఒళ్లు పులకరిస్తుంది. రెండే రెండు అంకెలు. వాటి నుంచి నలభై ఏళ్ల కథ అంతా బయటికి వస్తుంది. పైగా దవడ పొట్టి పిల్లల సంగతి కూడా అందులో అతికినట్టు సరిపోయింది. అంతగా సరిపోయేసరికి ఆమెకు లోలోపల కాస్త సంతోషం కూడా కలిగింది. ముసలాయన కొంప మునుగుతుంటే ఈ సంతోషమేమిటని ఆ పూట ఆమెకు తోచలేదు. చదువుకున్న వాళ్లకు ఈ జబ్బు ఉంటుంది.

మంద లోపల బోలైపోయిందని, దానికి ఎక్కువ కాలం లేదని ఆయనకు అర్థమయ్యేటట్టు చెప్పింది. ఎనభై ఒకటి కాదు, లెక్కకు నాలుగు అంది.

"నాలుగేనా?" అని ఒక్కసారి అడిగాడు సుంకన్న. నాలుగే అంది.  పిల్లలు పాలు మరిచినాక తోలుకుపొమ్మని బళ్లారి వాళ్లకు మాట ఇచ్చెయ్యమని కొడుక్కు చెప్పి, కర్ర తీసుకుని వెళ్లిపోయాడు. గోపీ గెలిచిన వాడిలా ఏమీ లేడు. ఎప్పుడూ నోరు మూయని మద్దమ్మ ఆ పూట మాట్లాడకుండా లోపలికి వెళ్లింది.

ఫలితాలు ఫిబ్రవరిలో వచ్చాయి. ప్రతి జీవం రక్తంలోనూ యాభై వేల చోట్ల ఏముందో చూసి పంపారు హైదరాబాదు ప్రయోగశాల వాళ్లు. శివలీల కర్నూలులో తన అద్దెగదిలో కూర్చుని ఆ ఫైలు తెరిచింది. పావు వంతు కనిపిస్తుందని ఆమెకు తెలుసు. తన అక్టోబరు లెక్కకు రక్తం చేత సంతకం పెట్టించుకోవడానికే కూర్చుందని చెప్పాలి.

కనిపించింది పావు వంతు కాదు. మంద బతికే ఉంది. వేల జీవాలున్న పెద్ద మందలో ఎంత వైవిధ్యం ఉంటుందో ఇంచుమించు అంతా ఉంది, పదింట తొమ్మిది వంతులు.

ఆమె మొదట తనను అనుమానించుకోలేదు. సీసాలు తారుమారు చేశారని ప్రయోగశాల వాళ్లతో ఫోనులో గొడవ పెట్టుకుంది. వాళ్లు ఓపికగా ఆరు నమూనాలను మళ్లీ చూసి, అవే అంకెలు పంపారు. ప్రోగ్రాం మార్చి చూసింది. అదీ అదే చెప్పింది. మూడు రోజుల తర్వాత తన గైడు అరుణజ్యోతి మేడం దగ్గరికి వెళ్లి సూత్రమే తప్పేమో అంది. నలభై ఏళ్లు ఆ పాఠం చెప్పిన ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఒకే మాట అంది.

"సూత్రం అబద్ధం చెప్పదు శివలీలా. అడిగినదానికే జవాబు చెబుతుంది. నువ్వేం అడిగావో చూసుకో."

గదికి వచ్చి మళ్లీ కూర్చుంది. చేయడానికి ఇంకేమీ తోచక, అవే అంకెలతో మరో పని మొదలుపెట్టింది. ఈనాటి రక్తాన్ని బట్టి ఒకనాటి మందలెంత ఉండేవో చెప్పే పద్ధతి ఒకటుంది. తల్లిదండ్రుల నుంచి పిల్లకు వచ్చే జన్యువుల దారం ప్రతి తరంలోనూ ఎక్కడో ఒకచోట తెగి, మరో దారంతో ముడిపడుతుంది. కాలం గడిచేకొద్దీ ముక్కలు పొట్టివవుతాయి. పొడుగు ముక్కలు నిన్నటి సంగతి చెబుతాయి, పొట్టి ముక్కలు ఏనాటిదో చెబుతాయి. యాభై వేల చోట్ల ముక్కల పొడవులు కొలిచి, తరం తరం వెనక్కి వెళ్లి ఆనాడు ఎన్ని జీవాలుండి ఉండాలో గీత గీస్తుంది ప్రోగ్రాం.

గీత వచ్చింది. ఈ చివరి పది తరాల్లో పెద్దగా దిగలేదు. అంతకు ముందూ దిగలేదు. ముప్పై తరాలు, ముప్పై రెండు, ముప్పై అయిదు అంటూ వెనక్కి పోయింది. ముప్పై ఏడు తరాల దగ్గర బావిలో పడ్డట్టు ఒక్కసారిగా కిందికి పడింది. అడుగు ఎక్కడుందో గీత సరిగా చెప్పలేకపోయింది గాని, ఆ కాలాన చాలా చాలా తక్కువ జీవాలు మిగిలాయన్నది మాత్రం ఖాయం. అక్కడి నుంచి ఈనాటి వైపుగా నిదానంగా, తరం వెంట తరం పైకి లేచింది.

శివలీల ముప్పై ఏడును నాలుగుతో హెచ్చించింది. నూట నలభై ఎనిమిది. ఇప్పటి సంవత్సరంలోంచి తీసేస్తే పద్దెనిమిది వందల డెబ్బైల చివర తేలింది.  వాళ్ల అవ్వ, అవ్వకు వాళ్ల అవ్వ చెప్పుకుంటూ వచ్చిన ధాత కరువు అది. ఊళ్లు ఊళ్లుగా జనం దారుల్లో పడి చచ్చిపోయిన ఏడు. ఆ కరువు ఎండలో నిలబడి ఉన్న జీవం ఈనాడు ఒక్కటీ లేదు, దాన్ని చూసిన మనిషీ లేడు. అయినా అక్టోబరులో తాను సూది గుచ్చి తీసిన నలభై సీసాల రక్తంలో ఆ కరువు ఉండనే ఉంది. ఎవరికీ కనిపించకుండా ముప్పై ఏడు తరాలు తల్లి నుంచి పిల్లకు నడిచి వచ్చింది. ఆమె లేచి గదిలో అటూ ఇటూ తిరిగింది. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఇంత పెద్ద సంగతిని ఒక్కతే మోయడం కష్టమనిపించింది.

అప్పుడు గుర్తొచ్చాడు సుంకన్న. 

గోపీకి ఫోను చేసింది. లారీ రేపు పొద్దున వస్తోందన్నాడు. ఆపమంది. గోపీ మంచిగానే, కాని గట్టిగానే చెప్పాడు. మీరు చెప్పబట్టే నాయన ఒప్పుకున్నాడు, నాలుగు నెలలుగా సరిగా తిండి కూడా తినడం లేదు, ఇప్పుడు మళ్లీ ఇంకో మాట చెప్పి ఆయన ప్రాణం తీయొద్దు అన్నాడు. ఫోను పెట్టేశాడు.

మధ్యాహ్నం బస్సెక్కి, పత్తికొండలో దిగి ఆటో మాట్లాడుకుని, సాయంత్రం నాలుగింటికి బూదిగుట్టపల్లె చేరింది. సుంకన్న ఊరి బయట కోసిన జొన్న చేలో ఉన్నాడని మద్దమ్మ చెప్పింది. వెళ్లు పాపా, ఆయన ఎవరితోనూ మాట్లాడటం లేదు, నీతోనైనా మాట్లాడతాడేమో చూడు అంది.

దారంతా కూడబెట్టుకున్న మాటలన్నీ శివలీల గట్టు మీద నిలబడి ఒక్క ఊపిరిలో చెప్పేసింది. తన లెక్క తప్పిందని, మంద బోలు కాలేదని, అమ్మవద్దని. సుంకన్న కంబళి భుజాన సర్దుకుని విన్నాడు.

"ఆ పొద్దు నాలుగంటివి. ఈ పొద్దు గాదంటాండావు. రేపు ఇంగేమంటావో."

ఆమె దగ్గర ఉన్నదల్లా ఒక్క ప్రశ్న. మంద బాగుందని రక్తం చెబుతోంది, కాని ఒకే పొట్టేలుతో నలభై ఏళ్లు నడిచిన మంద అట్లా ఉండడానికి వీల్లేదు. బయటి రక్తం ఎక్కడి నుంచో వస్తూ ఉండాలి. ఎక్కడి నుంచి అని అడిగింది. ఎప్పుడైనా పక్క ఊరి పొట్టేలు తెచ్చారా, ఎవరి మందైనా మీ మందలో కలిసిందా అని తిప్పి తిప్పి అడిగింది. ప్రతిదానికీ సుంకన్న లేదనే తలూపాడు.

పొద్దు వాలుతోంది. మేస్తున్న గొర్రెలు ఉన్నట్టుండి తలలెత్తాయి. వాగు పారే వంక గట్టు మీదుగా ఒక నల్ల పొట్టేలు ఒంటరిగా నడిచి వస్తోంది. ముసలిది. ఒక కొమ్ము కొస విరిగిపోయి ఉంది. ఎవరి మందదో తెలియడానికి గొర్రెలకు చెవి కోతో, రంగు గుర్తో ఉంటుంది కదా, దానికి ఏ గుర్తూ లేదు. నుదుటి మీద ఎప్పటిదో పసుపు మరక మాత్రం ఉంది. వెంట కాపరి లేడు. అది గొర్రెల మధ్యకు తన ఇంట్లోకి వచ్చినంత తీరిగ్గా వచ్చింది. సుంకన్న చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి నిలబడ్డాడు.

శివలీల చెయ్యి అలవాటు కొద్దీ లేచింది. ఎనభై, ఎనభై ఒకటి, ఎనభై రెండు అని వేలు చూపబోయింది. సుంకన్న ఆ చేతిని మెల్లగా కిందికి దించాడు.

"దాన్ని ఎంచకూడదు."

అది కురువల దేవుడు బీరప్ప పొట్టేలు. నల్లమందలున్న పన్నెండు ఊళ్లలో ఏదో ఒక ఊరు, రెండు మూడేళ్లకోసారి, తమ దగ్గరున్న వాటిలో మంచి ఎలపొట్టేలును, వయసులో ఉన్నదాన్ని, దేవుడి పేరున వదిలేసేది. ఆ తర్వాత దాన్ని ఎవరూ కట్టెయ్యరు, కొట్టరు, అమ్మరు. అది ఇష్టమొచ్చిన మందలో ఇష్టమొచ్చినన్ని రోజులుంటుంది, తర్వాత ఇంకో ఊరికి పోతుంది. దానికి పుట్టిన పిల్లలు ఆ మందవే. కాని దాన్ని మాత్రం ఎవరూ తమ మందలో కలిపి ఎంచరు. ఎంచితే అది మనదవుతుంది, మనదైతే దేవుడిది కాకుండా పోతుంది. సుంకన్న ఇదంతా చెప్పడానికి చాలాసేపు పట్టింది. తెలిసిన సంగతిని ఎవరికైనా చెప్పాల్సి రావడం ఆయనకు అదే మొదలు.

అక్టోబరులో నాలుగని చెప్పినప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగింది శివలీల. 

"నువ్వు సదువుకున్నదానివి గదమ్మా. దేవుడిది గూడా లెక్కేసే ఉంటావనుకుంటి."

ఆమె చేలో కూర్చుంది.

ఆమె చదువుకున్న దాంట్లో అది ఉంది. వందేళ్ల కిందటే కాగితం మీద కట్టిన లెక్క అది. విడివిడిగా బతికే మందలు లోపల బోలైపోకుండా ఉండాలంటే ఎంత బయటి రక్తం కావాలి? తరానికి ఒక్క జీవం వస్తే చాలు. మంద పదిదైనా అంతే, పదివేలదైనా అంతే. చిన్న మంద తొందరగా బోలవుతుంది గాని, అందులో ఆ ఒక్కటీ పెద్ద వాటా అవుతుంది. పెద్ద మందలో ఆ ఒక్కటీ ఏ మూలకూ రాదు గాని, పెద్ద మంద బోలవడమూ నిదానమే. రెండూ సరిగ్గా చెల్లుకు చెల్లవుతాయి. పరీక్షలో ఈ ప్రశ్నకు ఆమెకు పదికి పది మార్కులు వచ్చాయి. సూత్రంలో ఈ పొట్టేలుకు చోటు మొదటి నుంచీ ఉంది. బయటి నుంచి వచ్చే వాటి కోసం ఒక అక్షరం పెట్టి ఉంచారు. ఫారంలో దానికి గడి లేదని ఆమె ఆ అక్షరం దగ్గర సున్నా వేసింది, అంతే తేడా. ఆ సున్నా మీద ఒక మనిషి బతుకంతా అమ్మించబోయింది. ఆమెకు సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా, ఎదురుగా మేస్తున్న ఆ కొమ్ము విరిగిన ముసలి జీవాన్ని చూస్తుంటే చేతులు జోడించాలనిపించింది.

కాసేపటికి దవడ పొట్టి పిల్లలు గుర్తొచ్చాయి. ఇట్లాంటి దేవుడి పొట్టేళ్లు ఎన్ని తిరుగుతున్నాయని అడగబోయి, నాలుక కరుచుకుని, ముందు ఎక్కువగా వచ్చేవా అని అడిగింది. తన చిన్నప్పుడు ఒకటి పోతే ఒకటి వచ్చేదన్నాడు సుంకన్న. తొమ్మిది ఊళ్లు తెల్ల గొర్రెలకు మళ్లాయి. ఇప్పుడు నల్లవి ఉన్నది తన దగ్గర, పక్క ఊరి ఓబుళేశు దగ్గర, వంక అవతల ఇంకొకరి దగ్గర. ఎనిమిదేళ్లుగా ఎవరూ కొత్తది వదల్లేదు. ఇదొక్కటే మిగిలింది, ఇదీ ముసలిదైంది.

బయటి రక్తం తగ్గినందుకే ఈ రెండేళ్లుగా దవడ పొట్టి పిల్లలు. శివలీలకు ఇక లెక్క కట్టాల్సిన పని లేకపోయింది. అక్టోబరులో తాను చెప్పిన నాలుగు, అప్పటికి అబద్ధం. కాని మిగిలిన మూడు మందల్లో ఒకటి అమ్ముడుపోయి, ఈ ముసలి పొట్టేలు ఏ వంకలోనో పడి చచ్చిపోతే, ఆ నాలుగే నిజమవుతుంది. సుంకన్నకు కాదు, మిగిలిపోయే ఆ ఇద్దరికీ. ఆ మాట చెప్పింది. నీ మంద వాళ్ల వల్ల బాగుంది పెద్దనాయనా, వాళ్లది నీ వల్ల బాగుంది అంది.

అప్పటికి గోపీ మోటారు సైకిలు మీద వచ్చి గట్టున నిలబడి వింటున్నాడు. శివలీల ఫోనులో ఆ గీత తీసి ఇద్దరికీ చూపించింది. ఇది మీ గొర్రెల రక్తం చెప్పిన సంగతి అంది. ఎడమ నుంచి కుడికి కాలం, పైకి పోతే ఎక్కువ జీవాలు, కిందికి పోతే తక్కువ.

"ఈడ గుంత ఏందమ్మా?" అన్నాడు సుంకన్న.

ముప్పై ఏడు తరాల కిందట గొర్రెలు ఇంచుమించు లేకుండా పోయాయని చెప్పింది. ఎన్నేళ్లని అడిగాడు. నూటయాభైకి రెండు తక్కువ అంది. ఆయన ఆ గుంత మీద వేలు పెట్టి, కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

"ధాత," అన్నాడు.

ఆమె ఆ పేరు చెప్పలేదు. ఆయనే చెప్పాడు.

ఆ తర్వాత సుంకన్న తన జన్మలో అంత మాట్లాడి ఉండడు. ఆయన ముత్తాత తల్లి పేరు ఓబులమ్మ. ధాతలో పన్నెండు ఊళ్ల గొర్రెలూ చచ్చినవి చావగా, మిగిలినవి జనం తిన్నారు. ఓబులమ్మ ఏడు గొర్రెల్ని, ఒక పొట్టేలును తోలుకుని గుట్ట మీది గవికి, అక్కడి రాతి గుహకు, ఎక్కింది. బొమ్మజెముడు ముళ్లు కాల్చి ఆ మట్టలు వాటికి పెట్టింది, తానూ అవే తిన్నది. కింద ఊళ్లో ఆమె పిల్లలు ఇద్దరు ఆకలికి చచ్చిపోయారు. అయినా ఆమె ఒక్క జీవాన్ని కూడా కొయ్యలేదు. మూడో పిల్లవాడు మిగిలాడు, వాడే ముత్తాత. వానలు పడ్డాక పన్నెండు ఊళ్ల కురువలూ ఆమె ముందుకు వచ్చి నిలబడ్డారు. గొర్రెల్ని, వాటికి పుట్టిన ఆడపిల్లల్ని ఊళ్లకు పంచవచ్చు గాని పొట్టేలు ఒక్కటే ఉంది. ఒక ఊరికిస్తే పదకొండు ఊళ్లకు లేదు. ఆమె దాని నుదుట పసుపు పూసి, ఇది నాది కాదు, మీదీ కాదు, బీరప్పది, పోనీండి అని వదిలేసింది. అంత చేసినా ఊళ్లో ఆడవాళ్లు ఆమెను చచ్చేదాకా తిట్టారట, కన్నబిడ్డలను చంపుకుని గొర్రెలను సాకిందని.

సుంకన్న ఆ గీతను మళ్లీ చూశాడు.

"ఆయమ్మ సంగతి గూడా దీంట్లో ఉండాదా?"

శివలీల అబద్ధం చెప్పలేకపోయింది.

"లేదు పెద్దనాయనా. శానా తక్కువ మిగిలినాయని మాత్రమే చెప్తాది. ఎవరు మిగిల్చినారో దీనికి తెలీదు."

ఆయన తలూపాడు. అది కూడా సబబే అన్నట్టు తలూపాడు.

ఆ రాత్రి ఆ ఇంట్లోనే మద్దమ్మ చేసిన జొన్నరొట్టె తిని పడుకుంది శివలీల. ఇంట్లో ఎవరూ మంద మాట ఎత్తలేదు. తెల్లవారి ఏడింటికి లారీ వచ్చి గొర్రెల్ని తోలే రొప్పం దొడ్డి ముందు ఆగింది. బళ్లారి వ్యాపారి దిగి, తడిక తీయమన్నాడు. సుంకన్న కొడుకు వైపు చూశాడు. మంద రేపటి నుంచి నీది, నువ్వే చెప్పమని ఒక్క మాట అని, పక్కకు జరిగి నిలబడ్డాడు.

గోపీ తడికకు అడ్డంగా నిలబడి అమ్మడం లేదన్నాడు. వ్యాపారి కోప్పడ్డాడు, ఇచ్చిన మాట ఏమైందన్నాడు, దారి ఖర్చు ఎవరిస్తారన్నాడు. గోపీ అన్నీ పడ్డాడు. ఆఖరికి వ్యాపారి దిగి వచ్చి, పోనీ ఆ రెండేళ్ల పొట్టేలునైనా ఇవ్వు, మందలో నాలుగు గొర్రెలకిచ్చే ధర దానికొక్కదానికే ఇస్తానన్నాడు. ఇంకా మందలోకి వదలకుండా విడిగా మేపుతున్న దాని మీద అతని కన్ను మొదటి నుంచీ ఉంది. ఉండదా మరి, వెడల్పాటి ఛాతీ, చుట్టలు తిరిగిన కొమ్ములు, నిగనిగలాడే నలుపు. ఇప్పుడు మందలో ఉన్న ఇంటి పొట్టేలు తర్వాత మందకు నిలవాల్సింది అదే.

 గోపీ లోపలికి పోయి దాని చెవి పట్టుకుని బయటికి తెచ్చాడు. వ్యాపారి జేబులో చెయ్యి పెట్టాడు. గోపీ అతని ముందు నుంచే దాన్ని నడిపించుకుంటూ పోయి, పసుపు తెమ్మని తల్లిని కేకేశాడు.

మద్దమ్మ పసుపు గిన్నెతో వచ్చింది. ఆమె కళ్ల నిండా నీళ్లు. లారీ వెనక్కి తిరిగి పోయాక నలుగురూ పొట్టేలుతో పాటు వంక గట్టుకు వెళ్లారు. అప్పుడు చెప్పాడు సుంకన్న శివలీలకు. వదిలినాక చూడకూడదు. అది ఎటు పోయిందో తెలిస్తే ఏ ఊరికి పోయిందో తెలుస్తుంది, తెలిస్తే మనవాళ్లు, పరాయివాళ్లు అని మనసులో లెక్కలు మొదలవుతాయి. అడుగుల చప్పుడు వినపడకుండా పోయేదాకా అందరూ వీపు తిప్పి నిలబడాలి.

మెడలో జాడ చెప్పే చిన్న పట్టీ కట్టి వదిలితే ఆ పొట్టేలు రోజూ ఎక్కడుందో కర్నూలులో కూర్చుని చూడవచ్చు. ఏ మందలో ఎన్ని రోజులుందో, సూత్రంలోని ఆ అక్షరం విలువ ఎంతో, ప్రపంచంలో ఎవరి దగ్గరా లేనంత ఖచ్చితంగా ఆమె చేతిలో ఉంటుంది. అట్లాంటి పట్టీలు కాలేజీలో ఉన్నాయి. శివలీలకు ఈ ఆలోచన రాలేదనడం అబద్ధమవుతుంది. వచ్చింది. వచ్చి, పసుపు పూసుకుని నిలబడ్డ ఆ జీవాన్ని, దాని చెవి మీద నుంచి చెయ్యి తియ్యలేక తియ్యలేక తీస్తున్న గోపీని చూసి, పోయింది.

గోపీ చెయ్యి తీశాడు. నలుగురూ వెనక్కి తిరిగారు.

వెనక రాళ్ల మీద గిట్టల చప్పుడు వినిపించింది. కొంత దూరం పోయి ఆగింది. వెనక్కి చూస్తోందేమో. గోపీ పిడికిళ్లు బిగుసుకున్నాయి గాని తిరగలేదు. మళ్లీ గిట్టల చప్పుడు మొదలై, సన్నగా అయి, ఆగిపోయింది. శివలీల కళ్లు మూసుకుని నిలబడింది. తెలుసుకోవడం కోసమే ఇంతదూరం చదివిన ఆమెకు, ఈ ఒక్కటి తెలియకుండా ఉండడానికి ఉన్న బలమంతా కావలసి వచ్చింది.

చాలాసేపటికి సుంకన్న ఇక తిరగవచ్చన్నాడు. వంక ఉంది, వంక అవతల కోసిన చేలు ఉన్నాయి. పొట్టేలు ఎటు పోయిందో ఆ నలుగురిలో ఎవరికీ తెలియదు.